ఫుటేజీ బోలెడు ఉంది, కానీ చూస్తుంటే రేడియో విన్నట్టుంది. ఎక్కడ తప్పు చేశాను?

రెండో_టేకు:

నమస్తే అందరికీ, కొంచెం పెద్ద పోస్టు, ఓపిక చేసుకోండి.

మొదటిసారి ఒక డాక్యుమెంటరీ తీశాను. తీశాను అంటే షూటింగ్ అయిపోయింది, రఫ్ కట్ (మొదటి ముతక ఎడిటింగ్) కూడా అయింది, 38 నిమిషాలు వచ్చింది. సబ్జెక్టు మా బాబాయి. ఆయన 40 ఏళ్లుగా కుట్టు మిషన్లు రిపేరు చేస్తున్నారు. ఎవరైనా మిషన్ తెస్తే విప్పడానికి ముందే చక్రం చేత్తో రెండు మూడు సార్లు తిప్పి, ఆ చప్పుడు విని, రోగం ఎక్కడుందో చెప్పేస్తారు. అలాంటాయనకి ఐదారేళ్లుగా వినికిడి తగ్గిపోతోంది. ఇదీ కథ. నోటితో చెప్తే విన్నవాళ్లంతా "అబ్బ, భలే సబ్జెక్టు పట్టావు" అన్నారు.

కట్ చూశాక మాత్రం ఒక్కరూ ఆ మాట అనలేదు. మా ఫ్రెండు ఒకడు సగం సేపు ఫోన్ చూసుకుంటూనే ఉన్నాడు, అయ్యాక "బాగుందిరా, మొత్తం అర్థమైంది" అన్నాడు. తెర వైపు చూడకుండానే మొత్తం అర్థమైందంటే ఇంక నేను కెమెరా మోసింది ఎందుకో నాకు అర్థం కాలేదు.

చేసిన పద్ధతి చెప్తాను. బాబాయిని కుర్చీలో కూర్చోబెట్టి మూడు గంటలు ఇంటర్వ్యూ తీశాను, అదంతా టైప్ చేసి, మంచి మాటలకి రంగు పూసి, కాగితం మీదే వరుస పెట్టుకుని, ఆ వరుసలో టైమ్‌లైన్ మీద పరిచాను. తర్వాత పైన బీ రోల్, అంటే మాటల మీద కప్పే విడి షాట్లు, వేశాను. ఆయన నూనె గురించి చెప్పినప్పుడు నూనె చుక్క, సూది అన్నప్పుడు సూది, పిన్ని పేరు ఎత్తినప్పుడు పిన్ని ఫొటో. మొత్తం ఫుటేజీ 14 గంటలు ఉంది, ఒక కెమెరా, ఒక కాలర్ మైకు.

ఒకాయన డ్రోన్ షాట్లు కావాలన్నాడు, ఇంకొకాయన స్లో మోషన్ అన్నాడు, కలర్ గ్రేడింగ్ చేస్తే లుక్ మారిపోతుందని మరొకాయన. నాకు సమస్య అక్కడ లేదనిపిస్తోంది. బొమ్మతో కథ చెప్పడం అంటే అసలు ఏంటి, ఉన్న ఫుటేజీతో ఏమైనా చేయగలనా? టెన్షన్‌గా ఉంది, మళ్లీ షూటింగ్ అంటే బాబాయి ఒప్పుకుంటారో లేదో కూడా తెలీదు.

కత్తెర_పని:

మీ ఫ్రెండు మీకు పెద్ద సాయం చేశాడు, ఒక కాఫీ బాకీ ఉన్నారు.

నేను ఎడిటింగ్ చేస్తాను, ఇలాంటి కట్‌లు నా టేబుల్ మీదికి నెలకొకటైనా వస్తాయి. తప్పు మీరే రాశారు చూడండి, "కాగితం మీదే వరుస పెట్టుకుని" అని. కాగితం మీద మాటలే ఉంటాయి కాబట్టి మాటలతోనే సినిమా తయారైంది, తర్వాత బొమ్మలు దానికి గిలాఫు తొడిగినట్టు తొడిగారు. నూనె అన్నప్పుడు నూనె చుక్క చూపిస్తే చూసేవాడికి కొత్తగా తెలిసింది ఏముంది? చెవి చెప్పిందే కన్ను మళ్లీ చెప్పింది. అలా నాలుగుసార్లు జరిగేసరికి కన్నుకి పని లేదని వాడికి తెలిసిపోతుంది, ఇక ఫోన్ తీస్తాడు.

1920 ప్రాంతంలో రష్యాలో లెవ్ కులెషోవ్ అనే ఆయన ఒక నటుడి ముఖం షాట్ ఒకటే తీసుకుని, దాని పక్కన ఒకసారి సూప్ గిన్నె, ఒకసారి శవపేటిక, అలా మార్చి మార్చి అతికించాడు. ముఖం అదే, కానీ చూసినవాళ్లకి ఒకచోట ఆకలి కనపడింది, ఒకచోట దుఃఖం. సినిమా స్కూల్లో అందరికీ చెప్పే కథే, నాకూ విని విని విసుగొచ్చింది కానీ, మీ సమస్యకి ఇదే మందు. రెండు షాట్ల మధ్య ఉన్న ఖాళీని చూసేవాడు తనే పూరించుకోవాలి. మీ కట్‌లో ఆ ఖాళీలన్నీ బాబాయి గారి మాటలతో నిండిపోయాయి.

ఇప్పుడు ఒక పని చేయండి. కట్ పక్కన పెట్టేయండి, డిలీట్ చేయొద్దు, పక్కన పెట్టండి. 14 గంటల ఫుటేజీని సౌండ్ పూర్తిగా ఆపేసి చూడండి. అవును, పద్నాలుగూ. ఒక్కో క్లిప్పుకి ఒక చీటీ రాయండి. "బాబాయి పని చేస్తున్నారు" అని రాస్తే ఆ చీటీ చించేయండి, అది వర్ణన కాదు, బద్ధకం. క్లిప్పు మొదట్లో ఒక సంగతి ఉండి చివరికి ఇంకోలా మారిందా? అది రాయండి. "స్క్రూ రావట్లేదు, మూడోసారికి వచ్చింది" అన్నది ఒక చీటీ. "కస్టమర్ పిలిచింది, ఆయన తల తిప్పలేదు" అన్నది ఒక చీటీ. రెండోది గనక మీ దగ్గర ఉంటే మీ సినిమాలో మొదటి షాట్ అదే, ఎందుకు తిప్పలేదు అన్నది పది నిమిషాల వరకూ చెప్పకండి.

ముందు బొమ్మ, తర్వాత అర్థం. మీరు ప్రతిచోటా తిరగేశారు.

మూడోకాలు:

కెమెరా పని చేసేవాణ్ణి కాబట్టి షూటింగ్ వైపు నుంచి చెప్తా. మీ ఫుటేజీ చూడకుండానే పందెం కాస్తాను, క్లిప్పులన్నీ పది పదిహేను సెకన్ల ముక్కలు అయి ఉంటాయి, చేతుల క్లోజప్‌లు గుట్టలుగా ఉంటాయి, ముఖం ఉన్నవి తక్కువ. అవునా కాదా?

అందరం మొదట్లో అదే చేస్తాం. చేతులు అందంగా ఉంటాయి, సేఫ్, ఎవరూ కెమెరాలోకి చూడరు. కానీ చేతులకి ఆలోచన ఉండదు. చక్రం తిప్పుతున్న చెయ్యి ఒక షాటే, ఆ చప్పుడు అందక కనుబొమలు ముడిపడటం అసలు షాట్. ఒకే పనిని కనీసం మూడు దూరాల నుంచి తీయాలి: మొత్తం గది కనపడేలా ఒకటి, మనిషీ పనీ కలిసి ఒకటి, ఆ తర్వాతే దగ్గరగా. ఆయన ఒక రిపేరు చేసి ముగించడానికి అరగంట పడితే అరగంటా ఉండండి, మధ్యలో లెన్స్ మార్చుకోవడానికి వెళ్లిపోకండి. మొదలు, ఇబ్బంది, ముగింపు మూడూ ఉన్న ఒక్క రిపేరు దొరికితే, నూటయాభై అందమైన క్లోజప్‌లు దాని ముందు దిగదుడుపే.

ఇంకోటి, పని అయిపోయిందనుకున్నాక కూడా రికార్డింగ్ ఆపొద్దు, మనసులో పది లెక్కపెట్టండి. మనిషి పని ముగించి ఊపిరి వదిలేది, చేతులు తుడుచుకుంటూ ఎటో చూసేది ఆ పది సెకన్లలోనే. నేను మొదటి రెండేళ్లలో కట్ చేసేసిన ఆ పది సెకన్లన్నీ తిరిగి ఇస్తామంటే ఇప్పుడున్న కెమెరా ఇచ్చేస్తా.

డ్రోన్ దేనికి, మిషన్ లోపలికి వెళ్తుందా? స్లో మోషన్ కూడా వద్దు, పనికి ఒక వేగం ఉంటుంది, నలభై ఏళ్లలో ఆయన సంపాదించింది అదే, దాన్ని సాగదీసి పాడుచేయకండి. చిన్న సంగతి, ట్యూబ్‌లైటు కింద బొమ్మ అదిరినట్టు వచ్చి ఉంటే కెమెరాలో షటర్ స్పీడు చూసుకోండి, కరెంటు 50 హెర్ట్జ్ ఉన్నచోట 1/50 గానీ 1/100 గానీ పెడితే పోతుంది.

పాత_రీలు:

పైన ఇద్దరూ చెప్పింది సబబే కానీ, మాట అంటే బొమ్మకి శత్రువన్నట్టు పోతోంది ధోరణి. అది ఒప్పుకోను.

అమెరికన్ డాక్యుమెంటరీ దర్శకుడు ఫ్రెడరిక్ వైజ్‌మన్ లాంటివాళ్లు ఉన్నారు, ఇంటర్వ్యూ లేదు, వ్యాఖ్యానం లేదు, చూడటమే పని. సరే. క్లోద్ లాంజ్‌మన్ 1985లో తెచ్చిన "షోవా" తీసుకోండి, తొమ్మిది గంటల పైచిలుకు సినిమా, నాజీలు యూదుల్ని చంపిన మారణకాండ గురించి, కానీ ఆనాటి పాత ఫుటేజీ ఒక్క షాట్ కూడా వాడలేదు, అంతా బతికున్న మనుషుల మాటలూ, ఆ చోట్లు ఇప్పుడెలా ఉన్నాయన్నదీ. అయినా చూస్తున్నంతసేపూ కళ్లు తిప్పుకోలేం. అందులో ట్రెబ్లింకా శిబిరంలో, చంపబోయే ఆడవాళ్ల జుట్టు కత్తిరించే పని బలవంతంగా చేయించబడ్డ ఒకాయన ఉన్నాడు. లాంజ్‌మన్ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి అడగలేదు. ఒక సెలూన్‌లో నిలబెట్టి, చేతికి కత్తెర ఇచ్చి, ఒకరికి జుట్టు కత్తిరిస్తుండగా అడిగాడు. చెప్తూ చెప్తూ ఒకచోట ఆయన ఇక మాట్లాడలేకపోయాడు. చేతులు మాత్రం ఆడుతూనే ఉన్నాయి. కెమెరా ఆగలేదు.

మాట్లాడే ముఖం కూడా బొమ్మే అండీ. మీరు టైప్ చేసినప్పుడు మాటలు మిగిలాయి, మాటల మధ్య ఆగిన చోట్లు ఎగిరిపోయాయి. ఆ మూడు గంటల్లో మీరు ప్రశ్న అడిగాక బాబాయి గారు మీ పెదాల వైపు చూసి ఉంటారు, వినపడక మళ్లీ అడగమని ఉంటారు, ఒక్కోసారి వినపడనట్టు తెలియనివ్వకుండా నవ్వి ఉంటారు. అవన్నీ "పనికిరాని ముక్కలు" అని కోసేశారా లేదా? మీ సినిమా సగం అక్కడ పడి ఉంది.

రెండో_టేకు:

@పాత_రీలు గారూ, కోసేశాను. నిజంగా. "ఏంటీ?" అన్న ప్రతిచోటా కోసేశాను, క్లీన్‌గా ఉండాలని.

పని చేస్తూ మాట్లాడించడం ఒకసారి ట్రై చేశాను, మిషన్ చప్పుడులో నా ప్రశ్న ఆయనకి అస్సలు అందదు, అందుకే కుర్చీ. ఇప్పుడు ఆలోచిస్తుంటే అందకపోవడమే కదా సబ్జెక్టు.

@మూడోకాలు పందెం మీరే గెలిచారు.

బూమ్‌కర్ర:

ఇంతసేపూ ఒక్కరూ సౌండ్ గురించి మాట్లాడలేదు, అది కూడా చెవుల మీద తీసిన సినిమాకి. బాగుంది వరస.

కాలర్ మైకు పెట్టారు, అంటే మనిషి గొంతు వినపడుతుంది, మిషన్ ఎక్కడో దూరంగా టకటకమంటుంది. బాబాయి గారు చక్రం తిప్పి ఏ చప్పుడులో రోగం పట్టుకుంటారో ఆ చప్పుడు మీ దగ్గర లేదు, అవునా? అది లేకపోతే ఆయన పోగొట్టుకుంటున్నది ఏంటో చూసేవాళ్లకి ఎలా తెలుస్తుంది? ముందు వాళ్లు కూడా వినాలి. బాగున్న మిషన్ ఒకటి, పాడైన మిషన్ ఒకటి, రెంటికీ తేడా వాళ్ల చెవికే తెలిసేలా ఒకసారి వినిపించండి, అప్పుడు ఆ తేడా ఆయనకి అందట్లేదన్నది వేరే ఎవరూ నోరు విప్పి చెప్పక్కర్లేదు.

వైజ్‌మన్ పేరు వచ్చింది కాబట్టి చెప్తున్నా, ఆయన తన సినిమాలకి సౌండ్ తనే పట్టేవారు, పక్కన కెమెరామన్‌కి ఎటు తిప్పాలో సైగ చేస్తూ. చూసే సినిమాలకే పేరుపడ్డ మనిషి మైకు పట్టుకుని నిలబడ్డాడంటే ఆలోచించండి.

మళ్లీ వెళ్తే రెండు పనులు. ఆ గదిలో ఎవరూ కదలకుండా ఒక నిమిషం ఖాళీ సౌండ్ రికార్డు చేయండి, కట్‌ల మధ్య అతుకులు కనపడకుండా అదే కాపాడుతుంది. రెండోది, దయచేసి ఆయన వినికిడి చూపించడానికి సౌండ్‌ని నీళ్లలో ముంచినట్టు మొద్దుబారేలా చేసే ఎఫెక్టు వేయకండి, అందరూ వేస్తున్నారు, ఆయనకి లోపల ఎలా వినపడుతుందో మీకు తెలీదు కదా.

రెండో_టేకు:

నాలుగు రోజుల తర్వాత వస్తున్నా. సౌండ్ ఆపి 14 గంటలూ చూశాను. మొదటి రోజు నరకం, రెండో రోజు నుంచి ఎందుకో అలవాటైపోయింది, మాట లేకపోయేసరికి బాబాయి వేరే మనిషిలా కనపడటం మొదలుపెట్టారు.

ఒక క్లిప్పు దొరికింది. మూడో రోజు షూటింగ్‌లో నాకు ఫోన్ వస్తే కెమెరా స్టాండు మీద అలాగే వదిలేసి బయటికి వెళ్లాను, ఆపడం మర్చిపోయాను. 11 నిమిషాలు. నా షీటులో దాని ఎదురుగా "వేస్ట్" అని రాసి ఉంది. ఫ్రేములో సగం మిషన్లు, కుడివైపు బాబాయి, గుమ్మం కొంచెం కనపడుతుంది.

ఒకమ్మాయి మిషన్ తెచ్చి బల్ల మీద పెట్టింది. బాబాయి చక్రం తిప్పారు. చెవి దగ్గరగా వంచారు. మళ్లీ తిప్పారు. ఈసారి ఇంకో చెవి. తర్వాత ఆ అమ్మాయి చూడట్లేదని నిర్ధారించుకుని, నిజంగానే ఒకసారి ఓరగా చూశారు, ఎడమ అరచెయ్యి మిషన్ మెడ మీద బోర్లా ఆనించి, కుడిచేత్తో చక్రం చాలా నెమ్మదిగా తిప్పారు. కళ్లు మూసుకున్నారు. అరచెయ్యి ఒక అంగుళం ముందుకి జరిపారు, ఆగారు, మళ్లీ వెనక్కి. తర్వాత కళ్లు తెరిచి స్క్రూడ్రైవర్ తీసి, సూది కింద పలక విప్పి, లోపల చుట్టుకుపోయిన దారం ముద్ద పట్టకారుతో లాగి బయటపెట్టారు. నేరుగా అక్కడికే వెళ్లారు, వెతకలేదు.

40 ఏళ్ల చెవి అరచేతిలోకి వచ్చేసింది, మూడు గంటల ఇంటర్వ్యూలో ఆయన ఈ సంగతి ఒక్క ముక్క చెప్పలేదు. నేను అడగలేదు కూడా, తెలిస్తేగా.

తర్వాత సౌండ్ పెట్టి చూశా. కెమెరా మైకులో ఆ అమ్మాయి గొంతు వినపడింది, "ఎప్పుడు రమ్మంటారండీ?" అని. బాబాయి "అవునమ్మా, పాతదే" అన్నారు. ఆ అమ్మాయి రెండోసారి అడగలేదు, తలూపి వెళ్లిపోయింది.

రెండు ప్రశ్నలు. సౌండ్ ఘోరంగా ఉంది, ఫ్రేము కూడా అంతంతమాత్రం. ఇదే మళ్లీ ఆయన చేత చేయించి బాగా తీయొచ్చా? ఇంకోటి, ఆయనకి రికార్డవుతోందని తెలియని టైములో వచ్చిన క్లిప్పు ఇది. పైగా ఎవరికీ కనపడకూడదని చూసుకుని మరీ చేశారు.

మూడోకాలు:

వేస్ట్ అని రాశారా! ఆ షీటు దాచుకోండి.

ఫ్రేము గురించి బెంగ పెట్టుకోకండి. కదలకుండా ఒకే చోటు నుంచి 11 నిమిషాలు ఉంది కాబట్టే ఆ ఓరచూపు నమ్ముతారు, మీరు కెమెరా పట్టుకుని పక్కన నిలబడి ఉంటే అసలు జరిగేదే కాదు.

పాత_రీలు:

మళ్లీ చేయించడం గురించి. ఇది మన వృత్తిలో మొదటి రోజు నుంచీ ఉన్న గొడవే. 1922 నాటి "నానూక్ ఆఫ్ ద నార్త్"లో రాబర్ట్ ఫ్లాహర్టీ మంచు ఇంట్లో ఒక ఇన్యూట్ (ఉత్తర ధ్రువ ప్రాంతపు ఆదివాసీ) కుటుంబం నిద్ర లేవడం చూపించాలి, మామూలు ఇగ్లూలో కెమెరాకి చోటు చాలదు, వెలుతురు చాలదు, దాంతో పెద్దది కట్టించి సగం గోడ లేకుండా వదిలేశారు. వాళ్లు ఆ తెరిచిన ఇంట్లో చలిలోనే పడుకున్నట్టు నటించారు. అప్పటికే తుపాకులు వాడుతున్న వాళ్ల చేత పాత పద్ధతిలో ఈటెలతో వేటాడించారు కూడా. మొదటిదాన్ని నేను క్షమిస్తాను, కెమెరా ఇబ్బంది. రెండోదాన్ని క్షమించను, వాళ్ల బతుకునే వెనక్కి నెట్టేశాడు.

అదే లెక్కన మీరు కూడా చూసుకోండి. దారం ముద్ద తీయడం, పలక విప్పడం రోజూ చేసే పనే, దగ్గరగా మళ్లీ తీసుకోండి, అందులో అబద్ధం లేదు. ఆ ఓరచూపు మాత్రం మళ్లీ చేయమని అడగొద్దు. అడిగితే ఆయన చేస్తారు కూడా, మీ మీద ప్రేమకొద్దీ, అదే ప్రమాదం.

కత్తెర_పని:

రెండో ప్రశ్నకి జవాబు ఈ ఫోరంలో లేదు. ముందు ఆయనకి చూపించండి. ఇంకెవరికీ కాదు, మీ ఫ్రెండుకి కూడా కాదు. ఆయనకి వినపడట్లేదని కస్టమర్లకి తెలిస్తే పని తగ్గుతుందేమో, ఆ నష్టం భరించేది ఆయన, మీరు కాదు. వద్దంటే వదిలేయండి, ఏడుస్తూ అయినా వదిలేయండి. ఆ అమ్మాయి ముఖం కనపడుతుంటే ఆమెని కూడా అడగాలి.

ఒప్పుకుంటే మాత్రం ఆ 11 నిమిషాలని 40 సెకన్లకి కోయాలన్న ఆలోచన రానివ్వకండి. నాలుగు నిమిషాలైనా ఒక్క కట్ లేకుండా ఉంచండి.

రెండో_టేకు:

చూపించాను, నిన్న రాత్రి, లాప్‌టాప్‌లో. ఏమీ చెప్పకుండా ప్లే చేశాను.

మొత్తం చూశారు. ఓరచూపు దగ్గర నా వైపు ఒకసారి చూశారు, నేను తెర వైపు చూస్తున్నట్టు ఉండిపోయాను. అయ్యాక, "ఆ పిల్ల ఏమన్నది?" అని అడిగారు. ఎప్పుడు రమ్మంటారని అడిగింది బాబాయ్ అని గట్టిగా చెప్పాను. కాసేపు ఆగి, "నేనేమన్నాను?" అన్నారు. చెప్పాను. నవ్వారు, చాలాసేపే. "అందుకే వారం దాకా రాలేదు" అన్నారు.

ఉంచనా తీసేయనా అంటే, "ఉంచు. కానీ దారం తీసింది సరిగ్గా కనపళ్లేదురా, అది దగ్గరగా తీయాల్సింది" అన్నారు. ఆ అమ్మాయికి ఫోన్ చేసి అడిగాను, ఆమెకీ అభ్యంతరం లేదంది.

ఆదివారం మళ్లీ వెళ్తున్నా. మంచి మిషన్, పాడైన మిషన్ రెంటి చప్పుడూ పట్టుకోవాలి. @బూమ్‌కర్ర గారూ, మైకు ఎక్కడ పెట్టాలి? పైనుంచి వేలాడదీయనా, బల్ల మీద పెట్టనా?

బూమ్‌కర్ర:

ఒకటి పైన పెట్టండి, అది మామూలుది, గదిలో మనకి వినపడేది. దాంతో పాటు ఒక కాంటాక్ట్ మైకు కొనండి, చిన్న బిళ్ల లాంటిది, అంత ఖరీదు కూడా ఉండదు. గాలిలో వచ్చే చప్పుడు దానికి దాదాపు అందదు, ఆనుకున్న వస్తువు అదురుని మాత్రమే పట్టుకుంటుంది.

మిషన్ మెడ మీద, ఆయన అరచెయ్యి పెట్టిన చోటే అతికించండి. నూనె తుడిచి అతికించండి, లేకపోతే జారిపోతుంది.